బ్యాంకు గేటు బందూకు

బాపు పోయిన రెండో ఏడు ఆయన తుపాకీ ఆటోలో నా ఇంటికి వచ్చింది. పాత దుప్పటిలో చుట్టి, పురికొసతో కట్టి, ఒళ్ళో ఏటవాలుగా పెట్టుకుని కూర్చున్నాను. ఆబిడ్స్ నుంచి డ్రైవరు అద్దంలో చూస్తూనే ఉన్నాడు. తార్నాక దాటాక ఇక ఉండబట్టలేక అడిగాడు.

"ఏందక్కా అది, కర్టెన్ రాడ్లా?"

"బందూకు," అన్నాను.

తమాషాకి అన్నాననుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు నేను మనుషులతో మాట్లాడిన రెండు మాటల్లో అది ఒకటి. ఇంకొకటి తుపాకుల దుకాణం పెద్దాయనతో. ఆయన అప్పటికే దాని లోపలి పిన్నులు తీసేసి, గొట్టాలు మూసేసి, ఇక ఏ జన్మకీ పేలకుండా చేసి నా చేతికిచ్చాడు. "ఇది ఇగ సచ్చిపోయిన బందూకు బేటీ. గోడకు పెట్టుకో. ఫికర్ లేదు," అన్నాడు.

అక్కడిదాకా రావడానికే చాలా కాలం పట్టింది. బాపు పేరు మీదున్న లైసెన్సు బాపుతోనే పోయింది. తుపాకీ ఉప్పల్ స్టేషన్‌లో జమ అయింది. వారసులం ఇద్దరమే, అన్న, నేను. అన్న దినాలు కాకముందే తేల్చేశాడు.

"నాకొద్దు చెల్లె. సర్కారుకే ఇచ్చెయ్. దాన్ని ఇంట్ల పెట్టుకొని ఏం జేస్తం?"

సరే అన్నాను. ఇచ్చేద్దామనే స్టేషన్‌కి వెళ్ళాను కూడా. అక్కడ కానిస్టేబుల్ దాన్ని గదిలోంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మెడకి ఒక అట్టముక్క వేలాడుతోంది. తుప్పు గొట్టాల మీద ఎర్రటి చెమటకాయల్లా లేచింది. దాన్ని చూశాక ఇచ్చేస్తానన్న మాట నోట్లోంచి రాలేదు. గోడకి పెట్టుకునే దారేదైనా ఉందా అని అడిగాను. ఉంది. ఆ దారిలో కలెక్టరాఫీసు, స్టేషను, దుకాణం చుట్టూ ఏడాదికి పైగా తిరిగాను.

ఆ తుపాకీ మొదట మా తాతది. వరంగల్ దాటాక అడవి అంచున మాకు కొంచెం మక్కచేను ఉండేది. రాత్రిళ్ళు అడవిపందులు పడి చేను దున్నేసేవట. అందుకని తాత లైసెన్సు తీసుకుని రెండు గొట్టాల తుపాకీ కొన్నాడు. తాత పోయాక అది బాపు పేరు మీదికి వచ్చింది. రెండేళ్ళు వరసగా వానలు లేక చేను ఎండిపోయినప్పుడు ఊళ్ళో ఎవరో చెప్పారు, పట్నంలో సొంత తుపాకీ ఉన్నవాళ్ళకి కాపలా పని దొరుకుతుందని. బాపు అమ్మని, అన్నని, నన్ను, తుపాకీని తీసుకుని ఉప్పల్ వచ్చాడు. నాచారంలో ఒక బ్యాంకులో గన్‌మన్‌గా చేరాడు.

ఆ బ్యాంకు గేటు దగ్గర ఆయన ఇరవై ఏళ్ళకు పైగా నిలబడ్డాడు. ఖాకీ బట్టలు, మడత నలగని టోపీ. తుపాకీ కుందా, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం, కుడికాలి పక్కన గచ్చు మీద ఆనించి, గొట్టాల పైభాగం చేత్తో పట్టుకుని నిలబడేవాడు. ఊళ్ళో ఉన్నప్పుడు పందుల మీద పేల్చాడేమో గానీ పట్నంలో ఒక్కసారి కూడా పేల్చలేదు. ఎవరైనా అడిగితే, "పేల్చే పని పడలేదంటే నేను సక్కగ నిలబడ్డట్టే గదా," అనేవాడు.

ఆదివారం పొద్దున పేపరు పరిచి తుపాకీ విప్పి, గుడ్డకి కుట్టుమిషను నూనె అద్ది తుడిచేవాడు. నేను పక్కన కూర్చునేదాన్ని. ముట్టుకోనిచ్చేవాడు కాదు. పొయ్యి మీద కూర ఉడుకుతూ ఉండేది. అన్న మాత్రం ఆ టైముకి ఇంట్లో ఉండేవాడు కాదు.

అమ్మ నేను ఇంటర్ చదువుతుండగా పోయింది. అన్న పాలిటెక్నిక్ చదివాడు, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, తరువాత మేడిపల్లి వైపు ప్లాట్ల వ్యాపారంలో దిగాడు. అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నేను డిగ్రీ అయ్యాక నాచారంలోనే ఒక రంగుల ఫ్యాక్టరీలో, లాబ్‌లో చేరాను. రేకు ముక్కల మీద రంగు పూసి, ఎంతసేపటికి ఆరింది, ఎంత మెరిసింది, గోరుతో గీస్తే లేచిందా అని చూడటం నా పని. రంగు ఆరడం చూస్తూ కూర్చునే ఉద్యోగం అని చెప్తే అందరూ నవ్వేవారు. నా పెళ్ళి ఒకచోట కుదిరి తప్పిపోయింది. తరువాత అడిగినవాళ్ళు తక్కువ. బాపు ఉన్నంతకాలం ఆ సంగతి నాకు అంతగా తెలియలేదు. ఆయనకి వండాలి, మందులియ్యాలి, సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. ఆయన పోయాకే ఇల్లు ఎంత చిన్నదో, అయినా అందులో ఎంత ఖాళీ ఉందో తెలిసింది. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్ళాక మళ్ళీ పొద్దున ఫ్యాక్టరీలో ఎవరో పలకరించేదాకా నా గొంతు నేను వినేదాన్ని కాదు. టీవీ పెట్టి వేరే గదిలో కూర్చునేదాన్ని.

తుపాకీ తెచ్చి మంచం కిందికి తోసేశాను. కొన్ని నెలలు అలాగే ఉంది. తెచ్చుకోవడానికి అంత తిరిగినదాన్ని, తెచ్చుకున్నాక దుప్పటి విప్పలేకపోయాను.

అవి రాష్ట్రం కోసం గొడవలు జరుగుతున్న రోజులు. వారంలో ఒకరోజైనా బందు. బస్సులు ఉండవు, దుకాణాలు తెరవరు, మా ఫ్యాక్టరీ గేటు మూసేస్తారు. అందరూ ఇళ్ళలో పిల్లాపాపలతో ఉండేవారు. కింది పోర్షన్లో ఇంటి ఓనరక్క వాళ్ళు క్యారంబోర్డు ఆడుకుంటూ అరిచే అరుపులు నాకు పైకి వినిపించేవి. అలాంటి ఒక బందు రోజున ఇక చెయ్యడానికి ఏ పనీ మిగలక మంచం కింది నుంచి దుప్పటి లాగాను. బాపు లాగే నేల మీద పేపరు పరిచాను.

ఎలా విప్పాలో చూసి చూసి తెలుసు. గొట్టాల కింద చేత్తో పట్టుకునే చెక్క ఊడదీసి, మధ్యలో విరిచి, గొట్టాలు వేరుచేశాను. మూడు ముక్కలు పేపరు మీద పడుకున్నాయి. నేను దాన్ని దుప్పటి లేకుండా ముట్టుకోవడం అదే మొదటిసారి. నాకు నలభై దాటాయి.

బాపు దాన్ని తుడిచేవాడే గానీ అందం చూసేవాడు కాదు. ఏదో ఒక ఏడు కుందాకి తలుపులకి వేసే ముదురు రంగు పూసేశాడు. దాని మీద మరో పూత. ఆ రంగుల సంగతి నాకు తెలుసు గనక ముందు అవే తీశాను. రంగు వదిలించే మందు రాసి, మెత్తబడ్డాక చెక్కబద్దతో మెల్లగా గీకితే తొక్కల్లా ఊడివచ్చాయి. కింద అక్రోటు కర్ర బయటపడింది. తేనెరంగు మీద నల్లటి చారలు, వాగు ఇసుకలో నీళ్ళు పోయిన జాడల్లా. మా తాత కొన్నప్పుడు ఇలా ఉండేదని మా ఇంట్లో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. చెక్కలో పడిన సొట్టల మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి కర్ర ఉబ్బి పైకి లేచింది. పట్టు జారకుండా చెక్కిన సన్నగళ్ళలో ఏళ్ళ మురికి గట్టిపడి ఉంది. పాత టూత్‌బ్రష్‌తో గీకాను. ఆ మురికిలో బాపు చెమట ఉందని తెలుసు. గీకుతూ కొంచెంసేపు ఆగాను. మళ్ళీ గీకాను.

గొట్టాల తుప్పుకి కిరోసిన్ రాసి, అతిసన్నని స్టీలుపీచుతో రుద్దడం తప్ప దారిలేదు. గట్టిగా రుద్దితే అసలు రంగు పోతుంది. ఒక బందు రోజుకి ఒక జానెడు మేర అయ్యేది. ట్రిగ్గరు పైనుండే ఇనుపరేకు మీద తుప్పు, దాని కింద గడ్డకట్టిన పాత నూనెమురికి పోయాక రెక్కలు చాచిన ఒక బాతు బొమ్మ కనిపించింది. ఇంత చిన్నది. రెల్లుగడ్డిలోంచి లేస్తున్నట్టు చెక్కి ఉంది. బాపు ఇరవై ఏళ్ళు అరచేతి దూరంలో పెట్టుకున్న బొమ్మ అది. ఆయన చూశాడో లేదో తెలియదు. చూపించాలని ఎంత అనిపించిందంటే, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. వీధిలో ఎవరూ లేరు. దూరంగా రింగురోడ్డు వైపు నుంచి నినాదాలు వినిపిస్తున్నాయి.

చివరికి చెక్కకి అవిసెనూనె. గుడ్డతో కాదు, అరచేత్తో రుద్దాలి. చెయ్యి వేడెక్కేదాకా రుద్ది, ఆరనిచ్చి, మళ్ళీ రుద్దాలి. ఆరడం చూడటం నాకు అలవాటే. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఇంట్లో నాకోసం ఎదురుచూస్తున్నది ఒకటి ఉందనిపించేది. టీవీ పెట్టడం మర్చిపోయిన రోజులున్నాయి.

ఒక్కటి మాత్రం బాగుచెయ్యలేదు. కుందా అడుగున ఒక మూల ఏటవాలుగా అరిగిపోయి ఉంది. ఇనుపబిళ్ళ కూడా ఆ వైపు రేకులా పలచబడింది. గచ్చు మీద అదే చోట, అదే వైపు ఆనించి ఆనించి అలా అయింది. కొత్త ముక్క అతికించడం కష్టమేమీ కాదు. కానీ అక్కడ నూనె మాత్రం రుద్ది వదిలేశాను.

గోడకి రెండు కొక్కేలు కొట్టి పెట్టాను. ఆ వారంలో అన్న కూతురు వచ్చింది. దానికి అప్పటికి పోచారం వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. అప్పుడప్పుడు ఆఫీసు నుంచి ఇంటికి పోకుండా నా దగ్గరికి వచ్చేది. గోడ చూసి చెప్పులు విప్పకుండానే నిలబడిపోయింది.

"అత్తా, ఇది తాత బందూకా? నిజంగ? మస్తుంది!"

ఫోన్‌లో ఫొటోలు తీసుకుంది. మరుసటి ఆదివారం అన్న వచ్చాడు. బాపు సంవత్సరీకం తరువాత అన్న నా ఇంట్లో అడుగుపెట్టడం అదే. గోడ ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

"ఇది మనదేనా?"

"మనదే."

"గా తుప్పు బందూకు గిట్ల తయారైందా?" దగ్గరికి వెళ్ళి బాతు బొమ్మ మీద వేలు పెట్టాడు. టీ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. నారపల్లి దగ్గర గేటెడ్ వెంచర్లో కొత్త ఇల్లు పూర్తికావస్తోంది. హాలు పెద్దది. "అండ్ల పెడ్తే సక్కగుంటది చెల్లె. ఇక్కడ పెడ్తే ఎవరు సూస్తరు?"

అది నిజమే. నేను తప్ప ఎవరూ చూడరు. ఇవ్వబుద్ధి కాకపోయినా, అన్నకి బాపు వస్తువు ఒకటి కావాలనిపించడమే నాకు సంతోషమైంది. తీసుకుపొమ్మన్నాను. దించుతూ అరిగిన మూల చూశాడు.

"ఇదొక్కటి ఎందుకు ఇడిసిపెట్టినవ్? ముక్క ఏపియ్యరాదు?"

"గట్లనే ఉండనియ్ అన్నా."

తుపాకీని దుప్పటిలో చుట్టుకుని కారెక్కాడు.

అలా తుపాకీ నారపల్లి వెళ్ళింది, దానితో నాకూ అక్కడికి వెళ్ళే కారణం దొరికింది. అవిసెనూనె పూతకి మొదటి ఏడంతా అప్పుడప్పుడు చెయ్యి తగలాలి. నెలకి ఒక ఆదివారం గుడ్డ, చిన్న సీసా సంచిలో పెట్టుకుని రింగురోడ్డు దగ్గర బస్సెక్కేదాన్ని. వెంచర్ గేటు దగ్గర కాపలా అతను పేరు రాయించుకుని లోపలికి పంపేవాడు. వదిన టీ ఇచ్చేది. "తినిపో," అనేది. నేను స్టూలెక్కి తుపాకీ దించి, హాల్లో ఒక మూల కూర్చుని తుడుచుకునేదాన్ని. చుట్టూ వాళ్ళ మాటలు, మిక్సీ చప్పుడు, ఫోన్లు. ఎవరూ నాతో ప్రత్యేకంగా మాట్లాడకపోయినా ఆ చప్పుడులో కూర్చోవడం బాగుండేది. తుడవాల్సిన దానికంటే ఎక్కువసేపే తుడిచేదాన్ని.

అలాంటి ఒక ఆదివారమే మొదటిసారి విన్నాను. అన్న ప్లాటు కొనడానికి వచ్చినవాళ్ళకి తుపాకీ చూపిస్తున్నాడు.

"మా తాతదండి. షికారుకు పోయేటోడు. దొరలతోని కలిసి."

నా వైపు చూడలేదు. నేను తల వంచుకుని గొట్టం తుడిచాను. వ్యాపారపు మాటలే కదా అనుకున్నాను. తరువాతి నెల ఆ షికారులో ఒక చిరుతపులి చేరింది. ఆ తరువాత బాపు కూడా చేరాడు. ఆయన జీపులో తాతతో పాటు అడవికి వెళ్ళేవాడట. నా బాపు జన్మలో జీపెక్కలేదు. నవ్వొచ్చింది, తరువాత నవ్వు రాలేదు. బస్సులో తిరిగి వస్తుంటే బ్యాంకు గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఎక్కడికి పోయాడా అనిపించింది. ఆయన్ని అలా చూసినవాళ్ళం మా ఇంట్లో ఇద్దరమే మిగిలాం. అందులో ఒకరు చూడలేదంటున్నారు.

అన్న కూతురు తనతో పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది. వాళ్ళు కోస్తావాళ్ళు, హబ్సిగూడలో స్థిరపడ్డారు. అబ్బాయి తండ్రి రిటైరైన కాలేజీ లెక్చరర్. రెండు వైపులా గొడవలు చల్లారి, వాళ్ళు పిల్లని చూడటానికి వస్తున్నారని వదిన ఫోన్ చేసింది. "నువ్వు గూడ రా. మేనత్త లేకపోతే బాగుండదు." ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని వెళ్ళాను.

అంతా బాగానే నడిచింది. అబ్బాయి తండ్రి పెద్దాయన, నెమ్మదస్తుడు. కాఫీ తాగాక హాల్లో నడుస్తూ తుపాకీ ముందు ఆగాడు. అన్న వెంటనే లేచి వెళ్ళి మొదలుపెట్టాడు. షికారు, దొరలు, చిరుతపులి, జీపు. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని వింటూనే కింద నుంచి పైదాకా చూశాడు.

"ఈ మూల ఇంత అరిగిందేమిటండీ?"

"జీపుల పెట్టి పెట్టి అరిగిందండి," అన్నాడు అన్న.

పెద్దాయన తల ఊపి, నా వైపు తిరిగాడు. "మీరే బాగుచేశారట కదమ్మా. మా కోడలు చెప్పింది." అప్పటికే కోడలు అనేశాడు. "ఇంత శ్రద్ధగా చేసినవారు ఇదొక్కటి ఎందుకు వదిలేశారు?"

అందరూ నా వైపు చూశారు. వదిన చేతిలో స్వీట్ల ప్లేటు. అన్న కళ్ళతోనే వద్దన్నాడు. నాకు అది కనిపించింది. జీపు అనెయ్యొచ్చు. ఒక్క మాట. కానీ నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మా బాపు బ్యాంకు గేటు కాడ గన్‌మన్‌గ జేసేటోడండి. నాచారంల. గచ్చు మీద ఆనిచ్చి నిలబడేటోడు. గట్ల అరిగింది. ఆ బందూకుతోనే మా ఇద్దర్ని సాదిండు."

పెద్దాయన మళ్ళీ ఒకసారి ఆ మూల వైపు చూసి, "అలాగా అమ్మా," అని మాత్రం అని వచ్చి కూర్చున్నాడు. వదిన స్వీట్లు పెట్టింది. ఎండల గురించి, మెట్రో పనుల వల్ల ఉప్పల్లో ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నారు. వాళ్ళు వెళ్ళేటప్పుడు పెద్దాయన నాకు ప్రత్యేకంగా నమస్కారం పెట్టి వెళ్ళాడు.

వాళ్ళ కారు మలుపు తిరిగాక అన్న నాతో ఒకే ఒక్క మాటన్నాడు. "సల్లగున్నదా పాణం?"

పెళ్ళి ఆగలేదు. ముహూర్తం కూడా పెట్టుకున్నారు. ఎవరికీ ఏ నష్టం జరగలేదు. అయినా వారం తిరక్కుండా అన్న డ్రైవరు తుపాకీని పాత కర్టెన్‌లో చుట్టి తెచ్చి నా గుమ్మంలో పెట్టి, "సారు ఇచ్చి రమ్మన్నడు మేడం," అని వెళ్ళిపోయాడు.

దాన్ని మళ్ళీ ఆ రెండు కొక్కేల మీదే పెట్టాను. ఇక నారపల్లి వెళ్ళడానికి కారణం లేదు. ఆ నెల నేను వెళ్ళాల్సిన ఆదివారం వచ్చినప్పుడు మధ్యాహ్నం దాకా తలదువ్వుకుని తయారై కూర్చున్నాను. ఎందుకు తయారయ్యానో నాకే తెలియదు. నిజం చెప్పినందుకు నేనేమీ బాధపడలేదు, ఇప్పుడూ పడను. కానీ ఆ మిక్సీ చప్పుడు, ఆ "తినిపో" అన్న మాట లేని ఆదివారాలు చాలా పొడుగ్గా ఉండేవి.

పెళ్ళి ఉప్పల్లోనే ఒక ఫంక్షన్‌హాల్లో జరిగింది. అన్న కూతురు స్వయంగా వచ్చి పిలిచింది కాబట్టి వెళ్ళాను. అక్షింతలు వేసి, ఆడవాళ్ళ వరసలో కూర్చుని, భోజనం చేసి వచ్చాను. అన్న పందిట్లో అటూ ఇటూ తిరుగుతూ నా పక్క నుంచి చాలాసార్లు వెళ్ళాడు.

ఆ రోజుల్లోనే తుపాకుల దుకాణం పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. కొక్కేలకి వేసే తోలుపట్టీ కావాల్సి వచ్చింది. తుపాకీ ఫొటో చూపించాను. ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "నువ్వే జేసినవా?" అన్నాడు. అవునన్నాను. "వారసులొస్తరు బేటీ. తాతది, బాపుది అని తుప్పుపట్టినవి తెస్తరు. గోడకు పెడ్తం, జర మంచిగ జేసియ్యమంటరు. నా చేతులు ఇప్పుడు వణుకుతున్నయ్. నేను సంపి ఇస్త, నువ్వు సింగారిస్తవా?"

అలా ఇతరుల తుపాకులు నా గదిలోకి రావడం మొదలైంది. లాలాపేట్ నుంచి ఒక రిటైర్డ్ క్లర్కు ఒక గొట్టం తుపాకీ తెచ్చాడు. వాళ్ళ మామది. దాని కథ చెప్పడానికి కూర్చుని, రెండు కప్పుల టీ తాగి, పని అయ్యాక తీసుకెళ్ళి మళ్ళీ రాలేదు. అందరూ అంతే. వచ్చినప్పుడు చాలా మాట్లాడతారు, తీసుకెళ్ళేటప్పుడు తుపాకీ వైపే చూస్తారు. అది తప్పేమీ కాదు. పని జరిగినన్నాళ్ళు ఆ తుపాకీ తాలూకు మనిషి, నేను ఎన్నడూ చూడని మనిషి, నా గదిలో ఉన్నట్టుండేది. వెళ్ళిపోయాక గది మళ్ళీ నాదయ్యేది.

రాష్ట్రం వచ్చిన వేసవిలో అన్న వచ్చాడు. ఒక్కడే, మధ్యాహ్నం పూట, ఫోన్ చెయ్యకుండా. కూతురు మొగుడితో బెంగళూరు వెళ్ళిపోయిందని, వదిన కూడా అక్కడే ఉందని చెప్పాడు. గడ్డం చేసుకోలేదు. కుర్చీలో తుపాకీకి వీపు పెట్టి కూర్చున్నాడు. నీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని ఉన్నట్టుండి అన్నాడు.

"నేను టెన్త్‌ల ఉన్నప్పుడు బాపుకు అన్నం డబ్బా తీస్కపోయేటోన్ని, యాదికుందా?"

"ఉంది."

"ఒకరోజు గేటు కాడ లేడు. ఎటు పోయిండని సూస్తే, మార్కెట్ దిక్కెల్లి వస్తున్నడు. ముంగట మేనేజర్ భార్య. ఎనుక బాపు. భుజానికి బందూకు. రెండు చేతులల్ల కూరగాయల సంచులు." చేతిలో గ్లాసు తిప్పాడు. "నా దోస్తులు పక్కనే ఉన్నరు. బాపు నన్ను సూసిండు చెల్లె. సూసి, ఎవరో తెల్వనట్టు మొఖం తిప్పుకొని పోయిండు."

నేను ఆయన చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకున్నాను.

"తెల్లారికెల్లి డబ్బా నాకియ్యలే. నువ్వే తీస్కపోయినవ్."

"నీకు పరీక్షలున్నయని చెప్పిండు."

"ఏం పరీక్షలు? ఆగస్టుల ఏం పరీక్షలుంటయ్?"

నేను ఆ డబ్బాని ఏళ్ళ తరబడి మోశాను. బాపు నన్ను ముద్దుచేసి పిలిపించుకుంటున్నాడని అనుకునేదాన్ని. గేటు దగ్గర నన్ను చూడగానే ఆయన మొహం వెలిగేది, అది అబద్ధం కాదు. కానీ దాని వెనకాల అన్న మొహం ఒకటి ఉందని నాకు ఆ మధ్యాహ్నం దాకా తెలియదు. ఎవరి పరువు కాపాడటానికి బాపు మొహం తిప్పుకున్నాడు, తనదా, అన్నదా? నన్నడిగితే అన్నదే. అన్నతో ఆ మాట అన్నాను.

"దోస్తుల ముంగట నీకు సిగ్గయితదని తిప్పుకున్నడేమో అన్నా."

"నాకు అప్పుడే ఎరుక అది," అన్నాడు. "అందుకే ఇంకింత నొప్పయింది."

కింద వీధిలో పిల్లలెవరో జెండాలతో కేకలు వేస్తూ పోయారు. నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టి తెచ్చేసరికి అన్న లేచి గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. కుందా కింద చెయ్యిపెట్టి బరువు చూస్తున్నట్టు కొంచెం పైకెత్తి, మళ్ళీ కొక్కెం మీదికి దించాడు. తీసుకుపోతానని అనలేదు. నేనూ తీసుకుపొమ్మనలేదు.

టీ తాగాక గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అడిగాడు. "ఒక్కదానివే ఎట్ల ఉంటున్నవ్?"

అన్నేళ్ళలో ఆ మాట అడిగింది ఆయన ఒక్కడే.

"ఉంటున్న అన్నా," అన్నాను.

తల ఊపి మెట్లు దిగాడు. మా గల్లీలో కారు తిప్పడం కష్టం. ముందుకీ వెనక్కీ చాలాసార్లు తిప్పుకుని, చివరికి ఓనరక్క కొడుకు స్కూటర్ జరిపితే గానీ బయటపడలేదు. నేను పిట్టగోడ దగ్గరే నిలబడి చూశాను. ఇప్పుడు రెండు మూడు నెలలకోసారి వస్తాడు. వచ్చినప్పుడు ఎక్కువ మాట్లాడుకోము. బాపు సంగతి మళ్ళీ ఎత్తలేదు. కూతురు ఫోన్లో పంపిన మనవరాలి ఫొటోలు చూపిస్తాడు, టీ తాగుతాడు, చీకటి పడకముందే లేస్తాడు. కారు గల్లీ దాటేదాకా చూసి, లోపలికి వచ్చి రెండు కప్పులూ కడిగి బోర్లిస్తాను.